అడవి దారి: చెట్టెక్కే ముందు

సెలవులు దగ్గరపడేసరికి ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల వరస మారిపోయింది. మొన్నటిదాకా పాపికొండల లాంచీ గురించి, తిరుమల మెట్లదారి గురించి అడిగినవారంతా ఇప్పుడు ట్రీ హౌసుల వెంట పడ్డారు. శని, ఆదివారాలు పిల్లాపాపలతో అడవిలో గడపాలి, అదీ చెట్టు మీద. అటవీ శాఖలో రేంజరుగా చేసి రిటైరైనవాణ్ణి కనుక చెట్టెక్కడం నాకు ఉద్యోగంలో భాగమే తప్ప ముచ్చట కాదు. అయినా మీ ముచ్చట నేనెందుకు కాదనాలి? పేర్లు వేయవద్దన్నవారే ఎక్కువమంది, అందువల్ల ఊళ్ల పేర్లతో సరిపెడుతున్నాను.

*మాకు తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, అయినా మనవలను వదిలి ఉండలేరు. మావారు ఫోనులో ఒక ట్రీ హౌస్ ఫొటో చూసి మురిసిపోతున్నారు. అడ్వాన్సు కట్టే ముందు ఏమేమి అడగాలి? మాకు దగ్గరలో ఎటు వెళ్లవచ్చు?*
— ఒక గృహిణి, ఖమ్మం

ఫొటోలో ఎప్పుడూ గదే కనబడుతుందమ్మా, మెట్లు కనబడవు. ముందు మెట్ల ఫొటో పంపమనండి. పంపకుండా "చాలా సౌకర్యంగా ఉంటాయి మేడమ్" అన్నారంటే అక్కడ ఉన్నది నిచ్చెన అని నిర్ధారించుకోండి. వాలుగా వేసిన మెట్లు, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు ఉంటే మీ అత్తగారు పగటిపూట నెమ్మదిగా ఎక్కగలరు. అసలు పరీక్ష రాత్రి రెండు గంటలకు. బాత్‌రూమ్ పైన గదిలోనే ఉందా, కిందికి దిగాలా? చాలాచోట్ల పైన పడక మాత్రమే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ, నాలుగేళ్ల పాప, ఇద్దరూ రాత్రి లేచేవాళ్లే. దిగాలి అన్నారంటే ఆ గది మీ కుటుంబానికి పనికిరాదు, ఎంత అందంగా ఉన్నా సరే.

నన్నడిగితే అదే ఆవరణలో కింద ఒక కాటేజీ, పైన ఒక గది తీసుకోండి. అత్తగారు, పాప కింద. మీరిద్దరూ బాబుతో పైన. "మీరు ఎక్కలేరు" అంటే ఆవిడ పంతానికైనా ఎక్కుతారు. "పాపకు తోడు మీరుంటే తప్ప నాకు నిద్రపట్టదు అత్తయ్యా" అని చెప్పి చూడండి.

ఇక రెయిలింగు. బాబు జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసుకుపోయి కమ్మీల మధ్య సందు కొలవండి. నాలుగు అంగుళాలు దాటిందంటే పాప తల దూరుతుందేమోనన్న భయం ఉన్నట్టే. కమ్మీలు నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉన్నవాటిని పిల్లలు మెట్లనుకుని ఎక్కేస్తారు. తాడు అల్లిన రెయిలింగు ఫొటోలకు బాగుంటుంది కానీ రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. ముడి దగ్గర తాడు నల్లబడి, గోటితో గీస్తే పీచులా ఊడి వస్తుంటే గది మార్చమనండి. మొహమాటపడవద్దు. రాత్రి కింద కాపలా ఎవరు ఉంటారు, ఫోను సిగ్నల్ ఉంటుందా, కరెంటు పోతే ఏ దీపం ఇస్తారు, ఈ మూడూ అడిగి తెలుసుకోండి.

ఖమ్మం నుంచి మీకు మారేడుమిల్లి అనుకూలం. భద్రాచలం, చింతూరు మీదుగా వెళ్తే ఘాట్ రోడ్డు దాటగానే వస్తుంది. ఆ ఘాట్ పగలే దాటండి. మలుపు మలుపునా వెదురు పొదలు రోడ్డు మీదికి వంగి ఉంటాయి, ఎదురుగా లారీ వచ్చేదాకా తెలియదు. వాలమూరు దగ్గర స్థానిక గిరిజనుల వన సంరక్షణ సమితి చూసుకునే జంగిల్ స్టార్ విడిది ఉంది. అక్కడ బస ఎలాంటిదో, పైన చెప్పినవన్నీ ఎలా ఉన్నాయో ముందే ఫోను చేసి కనుక్కోండి. పిల్లలకు జలతరంగిణి, అమృతధార జలపాతాలు చాలు. గుడిసె కొండమీది పచ్చికబయలు కోసం తెల్లవారుజామున లేపి జీపులో కుదిపితే పాప వాంతి చేసుకుంటుంది. బొంగులో చికెన్ తింటారు కదా, పిల్లల బొంగులో కారం తగ్గించమని కూరేటప్పుడే చెప్పాలి, కాల్చాక చెప్పి లాభం లేదు. ఏ అవసరం వచ్చినా రంపచోడవరంలో ఏరియా ఆసుపత్రి ఉంది. అది మారేడుమిల్లి నుంచి రాజమండ్రి వెళ్లే దారిలోనే.

*ట్రీ హౌస్ వల్ల చెట్టుకు హాని జరుగుతుందా? చెట్టు పెరిగే కొద్దీ గది పైకి లేస్తుందా? మా అమ్మాయి అడిగింది, నాకు తెలియలేదు. హైదరాబాద్‌కు దగ్గరలో అడవిలో ఉండే వీలుందా?*
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

మీ అమ్మాయికి చెప్పండి, గది పైకి లేవదు. చెట్టు పొడవు పెరిగేది కొమ్మల చివర్లలోనే. మాను లావెక్కుతుందే తప్ప సాగదు. ఈ రోజు తన భుజం ఎత్తున మేకు కొడితే, తనకు మనవలు పుట్టాక కూడా ఆ మేకు అదే ఎత్తున ఉంటుంది. తేడా ఏమిటంటే అప్పటికి తల కనబడదు, చెట్టు మింగేసి ఉంటుంది.

హాని సంగతి కూడా ఆ లావెక్కడంతోనే మొదలవుతుంది. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడును అంటిపెట్టుకున్న పలచని పొరలోంచి వేళ్లకు దిగుతుంది. మాను చుట్టూ ఇనుప తీగో నైలాను తాడో బిగించి వదిలేస్తే, ఏటేటా చెట్టు లావెక్కి ఆ కట్టు కిందికి కోసుకుపోతుంది. కట్టు పైభాగాన బెరడు ఉబ్బి పెదవిలా ముందుకు వస్తుంది, కిందిభాగం సన్నబడిపోతుంది. ఆకులు పచ్చగానే ఉంటాయి, వేళ్లు మాత్రం పస్తులుంటాయి. గదికి వెళ్లగానే అమ్మాయినే కట్ల దగ్గర చూడమనండి. ఉబ్బిన బెరడు కనబడితే ఆ రిసార్టు వాళ్లు చెట్టును పట్టించుకోవడం లేదని తెలుస్తుంది. ఊరికే చుట్టి బిగించడం కంటే ఒకటి రెండు లావుపాటి బోల్టులు దింపడమే నయం. వినడానికి క్రూరంగా ఉంటుంది కానీ ఒకచోట పడ్డ గాయాన్ని చెట్టు చుట్టూ కమ్ముకుని మాన్పుకుంటుంది, మెడకు పడ్డ ఉరిని మాత్రం వదిలించుకోలేదు.

మన దగ్గర చాలా ట్రీ హౌసులు నిజానికి ఇనుప స్తంభాల మీద నిలబడి ఉంటాయి, చెట్టు మధ్యలోంచి పోతుంది అంతే. మోసమని గొణిగేవారున్నారు. నా ఓటు వాటికే. చెట్టు బతుకుతుంది, గాలికి మంచం ఊగదు. కాకపోతే చెట్టు పోయే కంత చుట్టూ జానెడు ఖాళీ వదిలారా లేదా చూడాలి.

దగ్గరలో అంటే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మన్ననూరులో అటవీ శాఖ బస ఏర్పాట్లు ఉన్నాయి, అక్కడి నుంచి ఫరహాబాద్ వైపు సఫారీ. ఆఫీసు అయ్యాక శుక్రవారం రాత్రి బయల్దేరుదామనుకుంటారేమో, అడవిలోంచి పోయే శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. గేటు దగ్గర నిలబడి వాచర్‌తో వాదించడం ఎవరికీ శోభ కాదు. మా రోజుల్లో "ఫలానా వారి బావమరిదిని" అంటూ వచ్చేవారు. గేటు బావమరుదులకు కూడా తెరుచుకోదు.

*చెట్టు మీద ఉంటే పులులు, ఎలుగుబంట్లు రావు కదా?*
— ఒక పాఠకుడు, గుంటూరు

చిరుత చెట్టెక్కుతుంది. ఎలుగు కూడా ఎక్కుతుంది, తేనెపట్టు ఉంటే ఆగదు. అయినా మీరున్న గదికి పని కట్టుకుని రావడానికి వాటికి మీతో ఏ పనీ లేదు. ఎండాకాలంలో నీటి గుంటల దగ్గర జంతువులను లెక్కించేటప్పుడు మేము మంచెల మీద పగలూ రాత్రీ కూర్చునేవాళ్లం. మంచె ఇచ్చేది రక్షణ అని అందరూ అనుకుంటారు. పెద్ద ఉపయోగం వేరే. మన వాసన నేల మీద పాకకుండా గాలిలో పైకి పోతుంది, జంతువు బెదరదు. దుప్పి వచ్చిందంటే నీళ్లలో ముందుకాళ్లు పెట్టి, తల వంచబోయి, మళ్లీ ఎత్తి, చెవులు తిప్పి, అప్పుడు తాగేది. అంతసేపూ పైన ఒకరు బీడీ దగ్గు ఆపుకుంటూ ఉండేవారు. మీ పిల్లలకు అలాంటి దృశ్యం కావాలంటే పాటలు, సెంట్లు, నెమరేసుకునే చిప్స్ ప్యాకెట్ల చప్పుడు ఇంటి దగ్గరే వదలాలి.

భయపడవలసింది మెట్ల కింద. కట్లపాము రాత్రి తిరిగే ప్రాణి, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు కూడా. పైన గదిలోనైనా దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపండి. చీకట్లో దిగాల్సి వస్తే టార్చి వెలుగు ముందు మెట్టు మీద పడాలి, తరువాత కాలు. చెప్పులు దులిపి వేసుకోండి. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందు ఇప్పచెట్ల వైపు నడకకు పోవద్దు. ఎలుగుకు ఆ పువ్వంటే ప్రాణం, అప్పుడు ఎవరైనా ఎదురుపడితే ఊరుకోదు. రాత్రి కప్పు మీద ఎవరో పరుగెత్తినట్టు వినబడితే అది మానుపిల్లి. కోతులు పగలు వస్తాయి, అరటిపండ్ల సంచి ఎక్కడ పెట్టారో మీకన్నా వాటికే బాగా తెలుసు.

అన్నిటికన్నా పెద్ద ముప్పు పిడుగు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు మొదలైతే చెట్టు మీద ఉండవద్దు. దిగి కింద పక్కా కట్టడంలోకి పొండి. "మా గదికి ఏమీ కాదు సార్" అని మేనేజరు అంటే ఆయన్ను పైన కూర్చోమనండి.

*మేము తెలుగువాళ్లమే, బెంగళూరులో ఉంటున్నాం. వయనాడ్‌లో ట్రీ హౌస్ చూశాం. జూలైలో చౌకగా ఇస్తున్నారు. వెళ్లవచ్చా?*
— ఒక పాఠకుడు, బెంగళూరు

జూలైలో చౌక ఎందుకిస్తున్నారో ఒక్క క్షణం ఆలోచించండి. 2024 జూలై 30న తెల్లవారుజామున మేప్పాడి పంచాయతీలో ముండక్కై, చూరల్‌మల గ్రామాల మీద కొండచరియలు విరిగిపడి రెండు వందల మందికి పైగా చనిపోయారు. నిటారు కొండలు, తేయాకు తోటలు, ఎడతెగని వాన. ఆ రోజుల్లో కుటుంబంతో అక్కడికి పోవడం నాకు ఇష్టం లేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి, క్రిస్మస్ వారం తప్పించండి.

మైసూరు, గుండ్లుపేట మీదుగా బండీపుర అడవి దాటాలి. 766 నంబరు జాతీయ రహదారిని అడవి భాగంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూస్తారు. బెంగళూరులో తెల్లవారుజామున నాలుగుకు బయల్దేరితే పిల్లలు కారులోనే నిద్ర పూర్తి చేసుకుంటారు, మీకూ గేటు బాధ ఉండదు. తోట మధ్య టెంటు ఇస్తామంటే వద్దనండి. 2021 జనవరిలో మేప్పాడి దగ్గరే టెంటు బసకు వచ్చిన ఒక పర్యాటకురాలిని ఏనుగు చంపింది. గుడ్డ గోడకూ ఏనుగుకూ మధ్య ఏమీ లేదు.

వయనాడ్‌కు ట్రీ హౌసుల విషయంలో పేరు ఊరికే రాలేదు. అక్కడి పాత వాటిని వెదురుతో, కొబ్బరి తాళ్లతో గిరిజనుల పనితనం ఆధారంగా కట్టారు. వైత్తిరి వైపు ఒకదానికి నీటి బరువుతో నడిచే లిఫ్టు కూడా ఉండేది. ఒక వైపు సంచిలో నీళ్లు నింపితే ఆ బరువుకు ఇటువైపు బుట్ట మనిషితో సహా పైకి లేచేది. కరెంటు లేకుండా ఎనభై అడుగులు ఎక్కించే బుర్ర నాకు ఏ ఇంజనీరు దగ్గరా కనబడలేదు.

*మాకు మామిడితోట ఉంది. వేసవికి వచ్చే మనవల కోసం తోటలోనే చెట్టు మీద ఇల్లు కట్టిద్దామని ఉంది. వడ్రంగి యాభై వేలు చెబుతున్నాడు.*
— ఒక రైతు, చిత్తూరు జిల్లా

అయ్యా, మీ తాతగారు జొన్నచేలో మంచె వేయించే ఉంటారు. ఆయన వడ్రంగిని పిలిచి ఉండరు. నాలుగు గుంజలు పాతి, అడ్డదూలాలు కట్టి, మీద వెదురు తడక పరచి, పైన గడ్డి కప్పితే మంచె. వడిసెలలో రాయి పెట్టి తిప్పి పిట్టలను తోలడానికి, రాత్రి అడవిపందులు పడితే డబ్బా వాయించడానికి అది చాలేది. మీ మనవలకు కూడా అదే వేయించండి. చెట్టును నాలుగో గుంజగా వాడుకోండి, మిగతా మూడూ నేలలో పాతండి. బరువు నేల మీద పడుతుంది, చెట్టు నీడ ఇస్తుంది, యాభై వేలు మిగులుతాయి.

ఆరడుగుల ఎత్తు చాలు. పిల్లలకు ఆరడుగులే ఆకాశం. కింద రెండు బళ్ల ఇసుక పోయించండి, రాళ్లు ఏరించండి. మామిడికి మేకు దింపవద్దు, సొన కారుతుంది, పిల్లల చర్మం మీద పడితే పొక్కుతుంది. తాడు కట్టే చోట పాత సైకిలు టైరు ముక్క వేసి కట్టండి. కొబ్బరి తాడు ఒక వానాకాలం తడిస్తే నమ్మకం పోతుంది, ఏటా వేసవికి ముందు విప్పి కొత్తది కట్టాల్సిందే. మామిడి వద్దనుకుంటే చింత మంచిది, కొమ్మ విరగదు. చింతచెట్టు మీద దయ్యాలుంటాయని మీ ఇంట్లో పెద్దావిడ అడ్డుపడితే మాత్రం నేను మధ్యలోకి రాను. బూరుగు, మునగ ఎంత పెద్దవైనా దగ్గరికి పోవద్దు, చెప్పకుండా విరుగుతాయి. ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు ఉన్న కొమ్మ అయితే ఆ చెట్టే మార్చండి.

మీ తోట పలమనేరు, కుప్పం వైపు అయితే ఇంకో మాట. కౌండిన్య అడవి ఏనుగులు పండు వాసనకు తోటల్లోకి వస్తాయి. మంచె మీద పగలు ఆడుకోనివ్వండి, రాత్రి పడకలు ఇంట్లోనే.

*ట్రీ హౌస్ అని డబ్బు కట్టించుకున్నారు. వెళ్లి చూస్తే సిమెంటు స్తంభాల మీద గది, స్తంభాలకు బెరడు రంగు. పక్కన ఉన్న చెట్టు ఎండిపోయింది. ఏం చేయాలి?*
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

బుకింగ్ చేసినప్పుడు వాళ్లు పంపిన ఫొటోలు, మెసేజీలు చెరపకుండా ఉంచి, అక్కడ మీరు తీసిన ఫొటోలు జతచేసి వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయండి. న్యాయవాది లేకుండానే చేయవచ్చు. సిమెంటు స్తంభం తప్పు కాదు, ఎండిన చెట్టు మాత్రం ప్రమాదం. గాలికి దాని కొమ్మ మీ కప్పు మీదే పడుతుంది. ఈసారి మీ ఊరి వాళ్లకు అరకు దారిలో టైడా ఉండనే ఉంది. పర్యాటక సంస్థ వారి జంగిల్ బెల్స్‌లో చెక్క కాటేజీలు అడవి మధ్యనే ఉంటాయి. చెట్టు మీద అని ఎవరూ చెప్పరు, అందుకే ఎవరూ మోసపోరు.

*చెట్టు ఎక్కేటప్పుడు రాకుమారి, దిగేటప్పుడు రాణి అయిన ఆమె ఎవరు? మా క్విజ్‌లో అడిగారు.*
— ఎనిమిదో తరగతి విద్యార్థిని, కాకినాడ

రెండో ఎలిజబెత్. కెన్యాలో అబర్డేర్ అడవుల్లో అత్తిజాతి చెట్టు మీద 1932లో కట్టిన ట్రీటాప్స్ అనే విడిది ఉండేది. 1952 ఫిబ్రవరి 5 రాత్రి ఆమె అక్కడ జంతువులను చూస్తూ గడిపింది. ఆ రాత్రే ఇంగ్లండ్‌లోని సాండ్రింగ్‌హామ్‌లో ఆమె తండ్రి ఆరో జార్జి చనిపోయాడు. చెట్టు మీదే వార్త తెలిసిందని కొందరు చెబుతారు, అది సరికాదు. దిగి సగానా లాడ్జికి వెళ్లాక భర్త ఫిలిప్ చెప్పాడు. ఆ రాత్రి అక్కడ ఉన్నవారిలో జిమ్ కార్బెట్ కూడా ఒకరు, అప్పటికి ఆయనకు 76 ఏళ్లు. కుమావూలో పులుల కోసం మంచెల మీద జీవితమంతా గడిపిన మనిషి. ఆ విడిదిని 1954లో మౌమౌ తిరుగుబాటుదారులు తగలబెట్టారు.

*అడవి నుంచి వచ్చిన పది రోజులకు మా అబ్బాయికి జ్వరం వచ్చింది. వానలో తడిసినందుకే అనుకుంటున్నాం.*
— ఒక తండ్రి, ఏలూరు

అనుకోవడం ఆపి ఈ రోజే రక్తపరీక్ష చేయించండి. ఏజెన్సీ అడవుల్లో మలేరియా ఉంది, మెదడుకు ఎక్కే రకం కూడా ఉంది, కుట్టిన వారం, రెండు వారాల తరువాతే బయటపడుతుంది. ఒంటి మీద ఎక్కడైనా, చంకల్లో, నడుము పట్టీ కింద, నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఉందేమో బట్టలు విప్పి చూడండి. గడ్డిలో ఉండే నల్లి జాతి పురుగు (మైట్, మంచాల్లో ఉండే నల్లి కాదు) కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్‌కు అది గుర్తు. రెండింటికీ మందులున్నాయి, ఆలస్యం చేస్తేనే ప్రమాదం. డాక్టరు అడిగేదాకా ఆగకుండా కూర్చోగానే "పది రోజుల క్రితం ఫలానా అడవిలో రెండు రాత్రులున్నాం" అని చెప్పండి. మీతో వచ్చినవాళ్లలో ఇంకెవరికైనా ఒళ్లు వెచ్చబడిందేమో కూడా కనుక్కోండి.